పారిస్‌లో కూరగాయలు: సంతా, సూపర్ మార్కెట్టా?

పారిస్‌కు కొత్తగా వచ్చినవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే.

ధర: బెల్‌విల్ పేటలోని సంత మంగళ, శుక్రవారాల్లో పొద్దున సాగుతుంది. మధ్యాహ్నం సర్దేసే వేళకు బుట్టలకు బుట్టలు యూరోకే ఇచ్చేస్తామని అరుస్తారు. అలా ఒకసారి యూరోకి కిలో పైగా టమాటాలు తెచ్చి, నాలుగు రోజులకు సరిపడా పచ్చడి చేశాను. సూపర్ మార్కెట్లో రాసి ఉన్న ధరే, బేరం ఉండదు.

సరుకు: సంతలో కొత్తిమీర, పుదీనా పెద్ద పెద్ద కట్టలు, వేళ్లకు తడి మట్టి అంటుకునే ఉంటుంది. సూపర్ మార్కెట్లో అదే కొత్తిమీర ప్లాస్టిక్ కవరులో నాలుగు రెమ్మలు. కరివేపాకు రెండుచోట్లా ఆశించకండి, దానికి లా షపెల్ పేటలోని తమిళుల దుకాణాలకే వెళ్లాలి.

శ్రమ: సంతకు చిల్లర కావాలి, ముందు "బోంజూర్" (ఫ్రెంచిలో నమస్కారం) అనాలి. సూపర్ మార్కెట్లో మాటల టెన్షన్ లేదు. కానీ చాలాచోట్ల కూరగాయలు మనమే తూచి స్టిక్కర్ అంటించాలి. మరిచిపోతే క్యాషియర్ దగ్గర్నుంచి వెనక్కి పరుగే.

రిస్క్: చివరి బుట్టల్లో అడుగున మెత్తబడినవి ఉంటాయి, అదేరోజు వండేయాలి.

నలుగురు కలిసి వండుకునే ఇంటికి నా ఓటు సంతకే. ఒంటరిగా ఉండి, రాత్రి ఎనిమిదికి ఇల్లు చేరేవాళ్లకు సూపర్ మార్కెట్టే నయం.