సైలెంట్ షట్టర్ మింగేసిన పసుపు

ఈ మిర్రర్‌లెస్ కెమెరా నా చేతికొచ్చి నాలుగేళ్లు దాటింది. కంపెనీ పేరు రాయడం లేదు, నేను చెప్పబోయే ఇబ్బంది ఈ ధరలో దొరికే చాలా కెమెరాల్లో ఉన్నదే. మెగాపిక్సెళ్లు, బరువు లాంటివి మీకు ఎక్కడైనా దొరుకుతాయి. నా గొడవంతా చప్పుడు లేకుండా ఫొటో తీసే సైలెంట్ షట్టర్‌తోనే.

మొదటి ఏడాది దాన్ని కనబడిన వాళ్లందరికీ మెచ్చుకుని చెప్పింది నేనే. భద్రకాళి చెరువు కట్ట మీద లకుముకి పిట్టను బాగా దగ్గర నుంచి తీస్తే అది తల కూడా తిప్పలేదు. పేరిణి ప్రదర్శనలో ముందు వరుసలో కూర్చుని రెండు వందల ఫొటోలు తీసినా పక్కాయన విసుక్కోలేదు. ఇక దాన్ని ఆపే పనే లేదని సెట్టింగుల్లో అలాగే ఉంచేశాను. పరుగెత్తే రైలును తీస్తే ఇంజన్ కొంచెం పక్కకు వాలినట్టు వచ్చేది. స్పీడ్ వల్లనేమో అనుకుని వదిలేశాను. నాకు అనుమానం అక్కడే రావలసింది.

రైలు సిగ్నళ్లు మాత్రం చీకటి పడే వేళ, స్టాండు వేసి, నిదానమైన షట్టర్‌తో తీయడం నా అలవాటు. అందుకే అసలు సంగతి ఇన్నాళ్లూ బయటపడలేదు.

పోయిన చలికాలం హన్మకొండలో కాలేజీ పిల్లల ఫొటో పోటీకి జడ్జిగా పిలిచారు. విషయం రైలు దారి. నాతోపాటు కూర్చున్నది కాజీపేటలో లోకో పైలట్‌గా చేసి రిటైరైన ఒక అన్న. పట్టాల మధ్య నిలబడి తీశారని తెలిసిపోతున్న వాటిని ముందే పక్కన పెట్టాం. రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు పడే నేరమది. దానికి బహుమతి ఇచ్చి ఇంకో పదిమందిని పట్టాల మీదికి తోలలేం కదా.

మిగిలిన వాటిలో ఒకటి వంతెన మీంచి తీసింది. గూడ్సు మనకు వీపు చూపించి పోతోంది, ఇంజన్ అప్పుడే సిగ్నల్ స్తంభం దాటింది. స్తంభానికి ఒక్క దీపమూ వెలగడం లేదు. "దీపం లేని సిగ్నల్ కనబడితే మాకు ఎర్ర దీపం లెక్కే తమ్ముడూ, ఆపాల్సిందే. ఈ బండి ఎట్ల దాటింది?" అన్నాడు అన్న. కంప్యూటర్‌లో దీపం చెరిపేసి ఉంటాడని నేను తేల్చేశాను. మార్కుల కాగితం మీద "ఫొటోను మార్చారు" అని నా చేత్తోనే రాశాను.

నెల తిరగలేదు. ఫాతిమానగర్ వంతెన మీద మంచి ఎండలో షట్టర్ 1/1000, అంటే సెకనులో వెయ్యో వంతు, పెట్టి సిగ్నల్ తీశాను. కంటికి రెండు పసుపు దీపాలు. ఇంటికొచ్చి చూస్తే పైదొక్కటే ఉంది, కిందిది ఆరిపోయింది. అన్నకు వాట్సాప్‌లో పంపితే ఫోన్ చేశాడు. "రెండుంటే అటెన్షన్, తర్వాతి సిగ్నల్ స్పీడ్ తగ్గించి దాటడానికి రెడీగుండాలె. ఒక్కటుంటే కాషన్, అక్కడ ఆగడానికి రెడీగుండాలె. నువ్వు అటెన్షన్ అంటున్నవ్, నీ ఫొటో కాషన్ అంటున్నది." వరసగా తీసిన పన్నెండింటిలో రెండు పసుపులూ ఉన్నవి మూడే. రెండింటిలో అసలేమీ లేదు, అచ్చం ఆ పిల్లవాడి ఫొటోలాగే.

మన కరెంటు సెకనుకు 50 సైకిళ్లది. దాని మీద వెలిగే ఎల్‌ఈడీ సెకనుకు వందసార్లు హెచ్చి తగ్గవచ్చు. పాత బల్బులో తీగ వేడిగా ఉండేది కాబట్టి అంత తేడా కనబడేది కాదు. సైలెంట్ షట్టరేమో బొమ్మను వరస తర్వాత వరసగా చదువుతుంది. పై పసుపును చదివినప్పుడు వెలుగు ఉంది, కిందికి వచ్చేసరికి పోయింది. మర్నాడు కెమెరాను నిలువుగా తిప్పి తీస్తే రెండు పసుపులూ కలిసే వచ్చాయి, కలిసే పోయాయి. అప్పటికి గాని నమ్మకం కుదరలేదు. మామూలు షట్టర్‌కు మార్చినా 1/1000 దగ్గర అప్పుడప్పుడు దీపం పోతోంది కాబట్టి తప్పంతా సైలెంట్ షట్టర్ మీదే వేయడం న్యాయం కాదు. అయినా కోపం దాని మీదికే పోతోంది. 1/100, ఇంకా నయం 1/50కి దించితే దీపం ఒకసారి హెచ్చి తగ్గేంత సేపూ షట్టర్ తెరిచే ఉంటుంది కాబట్టి ఇబ్బంది లేదు, కాకపోతే ఎండలో లెన్సు ముందు వెలుగు తగ్గించే నల్ల ఫిల్టర్ పెట్టుకోవాలి. అన్ని సిగ్నళ్లూ ఇలా ఆడించవు, కొన్ని నిలకడగానే వస్తాయి.

పోటీవాళ్లను అడిగి ఆ పిల్లవాడి ఫైల్ వివరాలు చూశాను. షట్టర్ 1/2000. ఫలితాలు అప్పటికే ఇచ్చేశారు. ఫోకస్ కొంచెం తప్పింది కాబట్టి బహుమతి ఎలాగూ వచ్చేది కాదేమో, కానీ నేను రాసిన ఆ మాట వేరు. ఫోన్ చేసి తప్పు నాదేనని చెప్పాను. "సరే సార్" అని పెట్టేశాడు.

పిట్టలకు, గుళ్లో కచేరీలకు ఈ కెమెరాను ఇప్పటికీ కొనొచ్చనే అంటాను. నాలాగా సిగ్నళ్ల పిచ్చి ఉన్నవాళ్లు మాత్రం సైలెంట్ షట్టర్‌ను ఆపేసి మొదలుపెట్టండి. మా మేనల్లుడు దీన్ని నా దగ్గర కొంటానంటున్నాడు. వాడు పెళ్లిళ్లు తీస్తాడు, ఇప్పుడు స్టేజీ వెనకంతా ఎల్‌ఈడీ తెరలే. అది చెప్పాకే డబ్బు తీసుకోవాలి.