ముదురు ఆలివ్ గ్రీన్ కొనేముందు డబ్బా మూత మీది స్టిక్కర్ చూడండి

హాల్లో ఒకే ఒక్క గోడకి ముదురు ఆలివ్ గ్రీన్ వేయించాం. నెల తిరక్కుండానే ఆ గోడ మొత్తం మళ్లీ వేయించాల్సి వచ్చింది. రంగు మంచిదే, ఇప్పటికీ నాకిష్టమే. కొన్న దగ్గరే దెబ్బ తిన్నాం. మీకలా జరగకూడదనే ఇది రాస్తున్నాను.

రెండు కోట్లు, అంటే రెండు పూతలు, వేస్తే సరిపోతుందని షాపులో చెప్పారు. రెండో కోటు ఆరాక కూడా కింద తెలుపు మచ్చలు మచ్చలుగా కనపడుతూనే ఉంది. మూడో కోటు సగం గోడకి వచ్చేసరికి డబ్బా అయిపోయింది. అదే షాపుకెళ్లి అదే కోడ్ చెప్పి ఇంకోటి తెచ్చాం. "మెషీన్ కలిపేదండీ, తేడా ఎందుకొస్తుంది?" అన్నారు. నమ్మాం.

రాత్రి లైటులో బాగానే ఉంది. పొద్దున కిటికీలోంచి ఎండ ఏటవాలుగా పడగానే గోడ మధ్యలో నిలువుగా గీత తేలింది. ఎడమ పక్క ఆకుపచ్చ, కుడి పక్క బురద కలిసినట్టు. రెండు మూతలూ పక్కపక్కన పెట్టి స్టిక్కర్లు చూశాను. షేడ్ కోడ్ ఒకటే, బేస్ (మెషీన్ రంగు కలపకముందు డబ్బాలో ఉండే పెయింట్) బ్యాచ్ నంబర్లు మాత్రం వేరు. తీసుకెళ్లి చూపిస్తే, కలిపిన రంగు వెనక్కి తీసుకోం అన్నారు. ఆ మాట డబ్బు కట్టకముందు చెప్పాలి కదా!

ఇలా ఎందుకవుతుందో తర్వాత తెలిసింది. ఇంత ముదురు రంగులకి తెల్ల పిగ్మెంట్, అంటే టైటానియం డయాక్సైడ్, బాగా తక్కువున్న బేస్ వాడతారు. కింది రంగుని బాగా కప్పేది ఆ తెలుపే కాబట్టి కోట్లు ఎక్కువ పడతాయి. రంగంతా మెషీన్ పోసే కలరెంట్లదే, అంటే చిక్కటి రంగు ద్రవాలదే. ఆలివ్ షేడ్‌లో పసుపు, నలుపు కలిసి ఉంటాయి కాబట్టి నలుపు కాస్త ఎక్కువ పడినా మురికిగా, పసుపు ఎక్కువైతే ఆవపిండిలా తేలుతుంది. లేత రంగుల్లో ఇంత తేడా పట్టుకోలేం.

అందుకని గోడ కొలత ఇచ్చి, మూడు కోట్లకి లెక్క కట్టించి, ఒకేసారి ఒకే బ్యాచ్‌లో తీసుకోండి. ఒకటికి మించి డబ్బాలైతే అన్నీ పెద్ద తొట్టిలో పోసి బాగా కలిపించాకే రోలర్ ముంచనివ్వండి. పెయింటర్ తొందరపడతాడు, ఒప్పుకోకండి. అడుగున తెల్ల ప్రైమర్ బదులు బూడిద రంగు కలిపిన ప్రైమర్ వేయిస్తే మచ్చల గొడవ చాలావరకు తగ్గుతుంది.

షేడ్ కార్డులో అగ్గిపెట్టంత ముక్క చూసి మాత్రం ఖాయం చేయకండి. పెద్ద అట్ట మీద రెండు కోట్లు వేసి, ఆరాక, వేయబోయే గోడకి ఆనించి పగలూ రాత్రీ చూడండి. మా ఇంట్లో 2700 కెల్విన్ పసుపు బల్బు కింద ఇది దాదాపు గోధుమరంగే. 6500 కెల్విన్ తెల్ల లైటు కింద బూడిద పచ్చ. ఒకే గోడ అంటే నమ్మరు.

ఇంకొకటి. మేం తీసుకున్నది మ్యాట్, అంటే మెరుపు లేని రకం. స్విచ్‌బోర్డు పక్కన చేతులు తగిలిన చోట అప్పుడే మెరుస్తోంది, కుర్చీ వీపు రాసుకున్న చోట తెల్లటి చార. పైన టచప్ చేస్తే ఆ ముక్క విడిగా కనపడుతుంది. నడిచే దారిలో ఉన్న గోడైతే కడగడానికి వీలయ్యే రకం అడగండి.

ఇప్పటికే రెండు డబ్బాలు తెచ్చి ఇంట్లో పెట్టుకున్నవాళ్లు మూతలు తీయకముందే బ్యాచ్ నంబర్లు సరిచూసుకోండి. వేరైతే రెండూ కలిపేయండి, లేదా ఒక్కో గోడకి ఒక్కోటి వాడండి. ఒకే గోడ మధ్యలో మాత్రం డబ్బా మార్చకండి.