మాగీ: దీపం లేని అల్లాదీన్ కథ, 37 వాల్యూముల్లో

షినోబు ఓతకా గీసిన జపనీస్ బొమ్మల కథ (మాంగా) ‘మాగీ: ది ల్యాబిరింత్ ఆఫ్ మ్యాజిక్’ మొత్తం 37 వాల్యూములు. కొనాలా వద్దా అని అడిగేవాళ్ళకు సూటిగా చెప్పాలంటే, ముందు 20 వాల్యూముల దాకా కళ్ళు మూసుకుని కొనొచ్చు. తర్వాతి తొమ్మిదీ మొదటి ఇరవై నచ్చినవాళ్ళు ఆపలేరు. చివరి ఏడెనిమిది మాత్రం కథ ఎలా ముగిసిందో తెలుసుకోవాలన్న పట్టుదల ఉంటేనే. ఈ తేడా ఎందుకొచ్చిందో తెలియాలంటే ఈ మాంగా దేని మీద నిలబడిందో చూడాలి.

2009 జూన్‌లో షోగకుకాన్ వారి వీక్లీ షోనెన్ సండే అనే పత్రికలో మొదలై 2017 అక్టోబర్‌లో ముగిసింది. 2013 సంవత్సరానికి షోనెన్ (కుర్రాళ్ళ కథల) విభాగంలో షోగకుకాన్ మాంగా పురస్కారం దీనికే దక్కింది. మూలం వెయ్యిన్నొక్క రాత్రుల కథలు. అల్లాదీన్, ఆలీబాబా, సింద్‌బాద్ ముగ్గురినీ ఒకే లోకంలోకి తెచ్చి, ముగ్గురికీ మూడు రకాల బాధ్యతలు అప్పగించింది ఓతకా. అక్కినేని అల్లావుద్దీన్‌నూ ఎన్టీఆర్ ఆలీబాబానూ చూసి పెరిగిన ఇళ్ళలో ఈ పేర్లకు పరిచయం అక్కర్లేదు. కానీ ఇక్కడ అల్లాదీన్ చేతిలో దీపం ఉండదు, వేణువు ఉంటుంది. అందులోంచి వచ్చే ఉగో అనే భూతానికి తల ఉండదు. తల ఎందుకు లేదన్న ప్రశ్నకు జవాబు చాలా దూరంలో, ఉగో అసలు ఎవరో తెలిశాక గానీ దొరకదు.

పాత కథలు తెలిసినవాళ్ళకు దొరికే ఆనందం వేరు. మూలంలో ఆలీబాబా అన్న కాసిం దురాశతో గుహలో చిక్కి చచ్చిపోతాడు. ఇక్కడ కాసిం ఆలీబాబాతో మురికివాడలో అన్నదమ్ముడిలా పెరిగినవాడు, అతని కోపానికి న్యాయమైన కారణం ఉంది. జాడీల్లో దాక్కున్న దొంగల మీద కాగే నూనె పోసిన దాసి మోర్గియానా ఇక్కడ ఫనాలిస్ అనే యోధజాతి పిల్ల, కాలి సంకెళ్ళతోనే కథలో అడుగుపెడుతుంది. హరూన్ అల్ రషీద్ వజీరు జాఫర్, అతని తలారి మస్రూర్ సింద్‌బాద్‌కు కుడి ఎడమ భుజాలయ్యారు. జూదర్, షహర్‌కాన్ వంటి పేర్లు కూడా ఆ కథల నుంచి తెచ్చినవే. ఇంకో సంగతి: ఆంటోయిన్ గలాన్ ఫ్రెంచి అనువాదంలో అల్లాదీన్ ఉండేది చైనాలో. అరబ్బు ఎడారి, చైనా సామ్రాజ్యం, రోము లాంటి రాజ్యం పక్కపక్కనే ఉన్న మాగీ పటం అందుకే అతుకులబొంతలా అనిపించదు.

మంత్రతంత్రాల నియమాలు ముందే తెలిస్తే చదవడం తేలిక. ప్రాణులన్నిటిలోనూ రుఖ్ ఉంటుంది, చిన్న తెల్లపక్షుల్లా మెరుస్తుంది. సింద్‌బాద్ కథల్లోని మహాపక్షి పేరే దానికి పెట్టారు. రుఖ్ నుంచి పుట్టే శక్తి మగోయ్. మామూలు మనిషికి తన ఒంట్లో ఉన్నంతే, మితిమీరి వాడితే ప్రాణం పోతుంది. మాగీ అనే అరుదైన మాంత్రికులు మాత్రం చుట్టూ ఉన్న రుఖ్ నుంచి తోడుకోగలరు. మాగీ లేపిన గుహలోకి వెళ్ళి బతికి బయటపడ్డవాడికి ఒక జిన్ లొంగుతుంది, అతని ఒంటి మీదున్న లోహవస్తువులో కాపురం పెడుతుంది. ఆలీబాబాకు అది నడుముకు వేలాడే బాకు. జిన్‌లు 72. అమోన్, బాల్, జాగాన్, ఫోకలోర్ అనే పేర్లన్నీ సాలమన్ రాజు వశం చేసుకున్నాడని పాత మంత్రగ్రంథాలు చెప్పే 72 భూతాలవే. జిన్ బలం ముందు ఆయుధంలోకి వస్తుంది, సాధన పెరిగేకొద్దీ ఒళ్ళంతా కమ్ముకుంటుంది. యజమానిని నమ్మి వెంట నడిచేవాళ్ళ లోహాల్లోకి కూడా అందులో కొంత పాకుతుంది.

ఈ నియమాలను ఓతకా అలంకారానికి వదిలేయలేదు, కథ వాటి మీదే నడుస్తుంది. మాగ్నోస్టాడ్ విద్యాలయంలో చేరిన అల్లాదీన్ మాగీ శక్తి ముద్ర కింద బందీ కావడంతో అతన్ని అడుగు తరగతి అయిన ఆరో కోడోర్‌లో పడేస్తారు. అక్కడి ఉపాధ్యాయురాలు మైయర్స్ మంత్రాలు నేర్పదు, పరుగెత్తిస్తుంది, బరువులు మోయిస్తుంది. మగోయ్ పుట్టేది ఒంట్లోంచే కాబట్టి ఒళ్ళు గట్టిపడితేనే మంత్రం గట్టిపడుతుంది. ఈ ఒక్క నియమంతో శిక్షణ ఘట్టం మొత్తానికీ అర్థం వచ్చింది.

అసలు బలం బాల్‌బాడ్ ఘట్టంలో కనిపిస్తుంది. నాలుగు నుంచి ఏడో వాల్యూమ్ దాకా సాగే ఈ కథను చాలామంది యుద్ధాల కోసం గుర్తుపెట్టుకుంటారు గానీ, దాన్ని నడిపేది అప్పు. బాల్‌బాడ్ రాజు అబ్మద్ చైనా లాంటి కో సామ్రాజ్యపు బ్యాంకు దగ్గర కాగితపు డబ్బు అప్పు తెస్తాడు. స్థానిక నాణేనికి విలువ పోతుంది, తీర్చడానికి మళ్ళీ అప్పు, తాకట్టుగా రేవు హక్కులు, వర్తకం హక్కులు. చివరికి తాకట్టు పెట్టడానికి మిగిలింది ప్రజలే. వాళ్ళను బానిసలుగా రాసివ్వడానికి రాజు సిద్ధపడతాడు. ఆలీబాబా గెలిచి సింహాసనం ఎక్కాల్సిన చోట రాజరికాన్నే రద్దు చేస్తానంటాడు. ఆ నిర్ణయం అంత తేలిగ్గా నిలబడదు, దాని ఫలితాలు పది వాల్యూముల తర్వాత కూడా వెంటాడతాయి. గుహలో నిధి దొరికితే కష్టాలు తీరతాయన్న పాత కథను తీసుకుని, ఆ నిధి ఊళ్ళోకి వస్తే ఎవరి చేతిలో పడుతుంది, ఎవరి మెడకు చుట్టుకుంటుంది అని అడిగింది ఓతకా. పిల్లల పత్రికలో డబ్బును ఇంత స్పష్టంగా బొమ్మల్లో విడమరిచిన కథలు అరుదు.

మాగ్నోస్టాడ్ ఇంకో మెట్టు ఎక్కుతుంది. మాంత్రికులు పాలించే ఆ దేశంలో మంత్రం రానివాళ్ళను గోయ్ అంటారు. భూమి కింద ఉన్న ఐదో స్థాయి ప్రాంతంలో పని లేకుండా తిండి పెట్టి ఉంచుతారు, వాళ్ళ మగోయ్ దేశానికి ఇంధనం. అధినేత మొగమెట్ దుర్మార్గుడు కాడు, తన బిడ్డను పోగొట్టుకున్న ముసలాయన. అతని వాదన తప్పని తెలుస్తున్నా కొట్టిపారేయలేం. వరుసలో అన్నిటికంటే మంచి ఘట్టం ఇదే. దీనికి ముందు వచ్చే ఔమ్ మదౌరా దొంగల కథ చిన్నదే అయినా వదలకూడదు. అనాథ పిల్లలకు తల్లినని చెప్పుకుని వాళ్ళతో దోపిడీలు చేయించే ఆవిడ ముందు, తల్లి ప్రేమకు మొహంవాచిన కో రాజకుమారుడు హకుర్యూ చేసే పని అతని తర్వాతి నడవడికంతటికీ బీజం.

లోపాలూ ఉన్నాయి. మొదటి మూడు వాల్యూముల్లో నడక అతుకులమయం: గుహ, పచ్చికబయళ్ళలో కోగా తెగ, బానిస వర్తకుడు ఒకదాని వెనక ఒకటి తోసుకొస్తాయి. చాలామంది ఇక్కడే మానేస్తారు, నాలుగో వాల్యూమ్ చేతిలో లేకుండా తీర్పు చెప్పకూడదు. అల్లాదీన్ ఆడవాళ్ళ ఎదలో మొహం దాచుకునే హాస్యం మొదట్లో పదేపదే వస్తుంది, అది కథకు ఏ మేలూ చేయదు. పిల్లల చావు, బానిసత్వం, నెత్తురు నేరుగా చూపిస్తారు. ఇంగ్లీషులో అచ్చేసిన విజ్ మీడియా దీన్ని టీనేజీ పాఠకులకని వేసింది, పదమూడేళ్ళ లోపు పిల్లలకు ఇవ్వకపోవడమే మంచిది.

కో రాజవంశం పేర్ల దగ్గర అందరూ తికమకపడతారు. అందరి ఇంటిపేరూ రెన్. ‘హకు’తో మొదలయ్యే హకుర్యూ, హకుఎయి మొదటి చక్రవర్తి పిల్లలు. ‘కో’తో మొదలయ్యే కోఎన్, కోమేయి, కోహా, కోగ్యోకు తర్వాతి చక్రవర్తి పిల్లలు. ఇది పట్టుకుంటే అంతర్యుద్ధం ఘట్టంలో ఎవరు ఎవరిమీద ఎందుకు కత్తి దూశారో వెనక్కి తిప్పి చూసుకోవాల్సిన పని ఉండదు.

ఇరవైల వాల్యూముల్లో వచ్చే ఆల్మా తొర్రాన్ అనే పాత లోకపు గతకథతో లోకం పుట్టుక తేలుతుంది. గతం చెప్పడం బాగుంది, చిక్కు ఆ తర్వాత వస్తుంది. మూడేళ్ళు దాటేసి కథ మళ్ళీ మొదలయ్యాక అప్పులు, రేవులు, వర్తకసంస్థల గొడవ కొంతసేపే. తర్వాత అంతా విధి, దేవుళ్ళు, లోకాల పైలోకాలు. సింద్‌బాద్ లాంటి గొప్ప పాత్ర వాదన పేజీల కొద్దీ మాటలుగా మారిపోతుంది. ఆకలేసిన జనం, మూతబడ్డ బజారు బొమ్మలో లేకపోతే ఆ మాటలకు బరువు రాదు. మోర్గియానాకు చివర్లో చేయడానికి దాదాపు ఏమీ మిగలదు, ఈ వరుసకు అది పెద్ద నష్టం.

యానిమే (టీవీలో వచ్చిన కదిలే బొమ్మల వరుస) చూసి మిగతాది పుస్తకంలో చదవాలనుకునేవాళ్ళు జాగ్రత్తపడాలి. ఏ-1 పిక్చర్స్ తీసిన మొదటి భాగం 2012 అక్టోబర్‌లో, రెండోది 2013 అక్టోబర్‌లో మొదలయ్యాయి, ఒక్కోటి 25 ఎపిసోడ్లు. మొదటి భాగం చివరి ఎపిసోడ్లు మాంగాను వదిలేసి సొంత ముగింపు పెట్టుకున్నాయి. రెండో భాగం మాగ్నోస్టాడ్‌తో, అంటే సుమారు 20వ వాల్యూమ్ దగ్గర ఆగిపోతుంది. నేరుగా 21 కొంటే కథ అందుతుంది గానీ, జాగాన్ గుహ తర్వాత అల్లాదీన్, ఆలీబాబా, మోర్గియానా, హకుర్యూ నలుగురూ ఎలా విడిపోయారో తప్పుగా గుర్తుంటుంది. ఆ గుహ నుంచి, అంటే తొమ్మిదో వాల్యూమ్ ప్రాంతం నుంచి మొదలుపెట్టడం మేలు.

ఇంగ్లీషు ప్రతిని విజ్ 2013 నుంచి 2019 దాకా వేసింది. కుడి నుంచి ఎడమకు చదవాలి. డిజిటల్‌లో కొంటే ఫోన్ కంటే టాబ్లెట్ నయం. జిన్ పూర్తిగా ఒళ్ళు కమ్మే బొమ్మలు రెండు పేజీల మీద పరుస్తారు, ఒక్కో పేజీగా చూస్తే సగానికి తెగిపోతాయి. యుద్ధఘట్టాల్లో గడులు కిక్కిరిసి ఉంటాయి, చిన్న తెరమీద ఎవరి మంత్రం ఎవరికి తగిలిందో తెలియదు. ఓతకా బొమ్మలో అసలు గొప్పదనం మొహాల్లో ఉంది. ఏడుపు, సిగ్గు, మొండితనం గీసేటప్పుడు ఆమె గీత ఎక్కడా తొట్రుపడదు.

సింద్‌బాద్ కుర్రతనం మీద 19 వాల్యూముల అనుబంధ వరుస కూడా ఉంది. కథ ఓతకాది, బొమ్మలు యోషిఫుమి ఓతెరావి. కాలక్రమం ప్రకారం అది ముందుది కాబట్టి చాలామంది దాంతోనే మొదలుపెడతారు. అలా చేస్తే నష్టం. అసలు వరుసలో సింద్‌బాద్‌ను నమ్మాలా వద్దా అన్న అనుమానం ఇరవై వాల్యూముల పాటు మెల్లగా ముదురుతుంది, ముందే అతని కథ చదివినవాళ్ళకు అది దక్కదు. మాగ్నోస్టాడ్ అయ్యాక అసలు వరుస కాసేపు ఆపి ఆ 19 చదివి, మళ్ళీ 21కి వస్తే చివరి ఘట్టంలో అతని తెగింపు ఎక్కడిదో అర్థమవుతుంది. ఆఖరి వాల్యూములు ఓపికగా చదివించే ఉపాయం కూడా అదే.