నంబింగ్ క్రీము, ఒక చెవిలో ఇయర్‌ఫోను: 4 ఏళ్లలో 5 గడ్డలు

నాకు చేతుల మీద కొవ్వుగడ్డలు వస్తుంటాయి, మా నాన్నకీ ఉన్నాయి. ఇబ్బంది పెట్టినవి ఇప్పటికి 5 తీయించుకున్నాను. అన్నీ హైదరాబాద్‌లోనే, గడ్డ ఉన్న చోట మాత్రమే మత్తిచ్చి, నేను మెలకువగా ఉండగానే.

మొదటిసారి చర్మాన్ని మొద్దుబార్చే క్రీమూ లేదు, మాటా లేదు. ఆకుపచ్చ గుడ్డ కప్పారు, సూది దిగింది. నిమిషంలో గుండె దడదడలాడింది, చేతులు వణికాయి. ఏదో అయిపోతోందని ఏడ్చేశాను. రక్తం ఎక్కువ పోకుండా మత్తుమందులో అడ్రినలిన్ కలుపుతారనీ, ఆ దడ దానివల్లేననీ, కాసేపటికి తగ్గిపోతుందనీ రెండోసారి వేరే డాక్టర్ చెబితే తెలిసింది. ఆ ఒక్క మాట మొదటిరోజే చెప్పి ఉంటే ఎంత బాగుండేది!

ఇక క్రీము. లిడోకెయిన్, ప్రైలోకెయిన్ అనే మత్తుమందులు చెరో 2.5 శాతం ఉన్నది, డాక్టర్ రాసిచ్చిందే. మందంగా పట్టించి, పైన ప్లాస్టిక్ పొర అతికించి కనీసం గంట ఉంచాలి. నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఇంట్లోనే పట్టించుకుని, అమీర్‌పేటకి మెట్రో ఎక్కేస్తాను. అక్కడ తుడిచాక చర్మం తెల్లగా పాలిపోయి ఉంటుంది, గోటితో గిల్లినా నాది కాదన్నట్టే ఉంటుంది. ఓసారి హడావిడిలో 20 నిమిషాలే ఉంచాను, డబ్బు దండగ. గంట ఉంచినా అది దిగేది సుమారు 3 మిల్లీమీటర్లే, గడ్డ అంతకన్నా కింద ఉంటుంది. కాబట్టి ఇంజెక్షన్ తప్పదు. సూది గుచ్చింది తెలియదు గానీ, మందు ఎక్కేటప్పుడు మంట తెలుస్తుంది. సన్నసూదితో, నెమ్మదిగా ఎక్కించమని అడగండి, మొహమాటపడకండి. చాలా తేడా ఉంటుంది. చిన్నపిల్లలకి మాత్రం సొంతంగా రాయొద్దు, ఎంత రాయాలో డాక్టరే చెప్పాలి.

పాటలు నిజంగా పనిచేశాయి, అయితే ఒక చెవిలోనే. రెండు చెవులూ మూసుకున్న రోజు ఎవరి చేయి తగిలినా ఉలిక్కిపడ్డాను. ఇప్పుడు రెండో చెవి డాక్టర్ కోసం. "ఇప్పుడు లాగినట్టుంటుందమ్మా, నొప్పి కాదు", "కాలిన వాసన వస్తుంది, రక్తం ఆపడానికే కాలుస్తున్నాం" అని ఆయన ముందే చెబుతారు. చెప్పినట్టే లాగుతుంది, చెప్పినట్టే వాసనొస్తుంది. బిగపట్టిన పిడికిలి దానంతటదే వదులవుతుంది.

మోచేతి దగ్గర ఇంకోటి పెరుగుతోంది. క్రీము ఇంకా కొనలేదు. ముందు ఆ డాక్టర్ ఏ రోజు ఉంటారో ఫోన్ చేసి కనుక్కున్నాను.