పోలరైజరా, ఎన్‌డీనా, గ్రాడ్యుయేటెడా: ఒక్క ఫిల్టరే కొంటే ఏది మేలు?

వానలు మొదలయ్యాయంటే నాకు ఈ ప్రశ్న తప్పదు. "ల్యాండ్‌స్కేప్‌లకు ఒక్క ఫిల్టర్ కొందామనుకుంటున్నా. పోలరైజర్ కొనమంటారా, ఎన్‌డీనా?" అని. అడిగేవాళ్లలో చాలామంది అప్పటికే ఎన్‌డీ వైపు మొగ్గి ఉంటారు. పాలలా జారే జలపాతం ఫొటో ఎక్కడో చూసి ఉంటారు, మనసు అక్కడే ఆగిపోయి ఉంటుంది. నేనూ మొదట అదే కొన్నాను, పది స్టాపులది (ఒక్కో స్టాపుకు వెలుగు సగమవుతుంది). ఇప్పుడది బ్యాగు అడుగున ఉంటోంది.

లెన్స్ ముందు పెట్టే ఈ మూడూ ఏం చేస్తాయో ఒక్క ముక్కలో: రింగు తిప్పుకునే పోలరైజర్ ఆకుల మీదా నీటి మీదా మెరుపును తగ్గిస్తుంది, ఎన్‌డీ లెన్స్‌లోకొచ్చే వెలుగంతటినీ తగ్గిస్తుంది, పలకలా ఉండే గ్రాడ్యుయేటెడ్ పైసగం వెలుగునే తగ్గిస్తుంది. నేను చూసేది ఒక్కటే: ఏడాదిలో ఎన్ని రకాల వాతావరణంలో అది లెన్స్ మీదికి ఎక్కుతుంది? తెల్లవారుజామున లేచి అంత దూరం వెళ్లాక ఆకాశం ఎలా ఉంటుందో మన చేతిలో లేదు. ఎండ కాయొచ్చు, ముసురు పట్టొచ్చు, ఏమీ కాని బూడిదరంగు రోజు కావచ్చు. ఏ రోజుకైనా పనికొచ్చేదే ముందు కొనాలి.

ఈ లెక్కన పది స్టాపుల ఎన్‌డీ చాలా మంకుది. అది వెలుగును దాదాపు వెయ్యో వంతుకు తగ్గిస్తుంది. సెకనులో 30వ వంతు ఉన్న ఎక్స్‌పోజర్, అంటే సెన్సార్ మీద వెలుగు పడే సమయం, అర నిమిషం దాటుతుంది. ఆ అర నిమిషంలో కదలాల్సినవి కదలాలి, కదలకూడనివి కదలకూడదు. మబ్బులు విడివిడిగా ఉండి పరుగెత్తుతుంటే బ్రహ్మాండం. ఆకాశమంతా ఒకే మబ్బు పరుచుకుని ఉంటే అర నిమిషం తీసినా అదే బూడిదరంగు. మబ్బుల్ని తోసే గాలి కిందికీ వీచిందా, చెట్లు పచ్చటి మరకలవుతాయి. పొగమంచులోనైతే ఇంకా నష్టం. మంచు చెట్ల మధ్య పాయలుగా పాకుతున్నప్పుడు ఆ పాయలే అందం, వాటిని చెరిపేస్తే మిగిలేది మసక.

మరి వాగులూ జలపాతాలూ? నా మటుకు అక్కడ అర నిమిషం ఎక్కువ. నీటి ధారలు ధారలుగా కనిపించాలంటే అర సెకను, సెకను చాలు. అంతకు మించితే పిండి ఆరబోసినట్టుంటుంది. మబ్బు పట్టిన రోజు దట్టమైన చెట్ల కింద ఐఎస్‌ఓ (వెలుగుకు సెన్సార్ సున్నితత్వం) 100, ఎఫ్/11 (లెన్స్ రంధ్రం చిన్నది) పెడితే ఏ ఫిల్టరూ లేకుండానే అర సెకను దగ్గరికి వస్తుంది. పోలరైజర్ పెడితే మరో స్టాపున్నర, రెండు స్టాపులు తగ్గి సెకను దాటుతుంది. అంటే వాగు కోసం కొందామనుకున్న ఎన్‌డీ పని సగం పోలరైజరే చేసి పెడుతోంది.

పోలరైజర్ అనగానే అందరికీ నీలాకాశం గుర్తొస్తుంది. అది ఎండాకాలం సరుకని, ముసురు పట్టగానే తీసి లోపల పెట్టేస్తారు. నా అనుభవం దీనికి పూర్తిగా తిరగబడి ఉంది. నా పోలరైజర్ ఎక్కువగా లెన్స్ మీద ఉండేది వాన వెలిసిన గంటలోనే.

ఒక్కసారి చేసి చూడండి. వాన ఇప్పుడే ఆగింది, చెట్టు తడిసి ముద్దయి ఉంది, పైన ఆకాశం తెల్లగా ఉంది. ఒక ఆకును దగ్గరగా చూడండి. దాని మీద పచ్చదనం సగమే ఉంటుంది. మిగతా సగం వెండిపూత పూసినట్టు తెల్లగా మెరుస్తుంటుంది. ఆ తెలుపు ఆకుది కాదు, ఆకాశానిది. తడిసిన ఆకు చిన్న అద్దమైపోయి పైనున్న మబ్బును మనకు చూపిస్తోంది. ఇప్పుడు ఫిల్టర్ రింగు మెల్లగా తిప్పండి. ఒక చోటికి రాగానే ఆ పూత ఆరిపోతుంది, కింద దాక్కున్న ఆకుపచ్చ ఒక్కసారిగా బయటపడుతుంది. పక్కనున్న తడిరాయి బూడిదరంగు పోయి నల్లగా నిగారిస్తుంది. చెట్టుకు వేల ఆకులుంటాయి, వేల అద్దాలు ఒకేసారి ఆరిపోయినట్టు అన్నమాట. ఆకులు రంగు మారే కాలంలోనూ ఇదే జరుగుతుంది. ఆ ఎరుపూ పసుపూ కంప్యూటర్లో పెంచుకోవచ్చు కదా అంటారు. పెంచితే ఉన్న రంగు పెరుగుతుంది. తెలుపు కప్పేసిన చోట పెంచడానికి రంగేదీ?

నీటి దగ్గర కోణం చూసుకోవాలి. నీటి మట్టానికి సుమారు 37 డిగ్రీల వాలున కిందికి చూస్తే ప్రతిబింబం దాదాపు పూర్తిగా పోయి అడుగున ఉన్న గులకరాళ్లు కనిపిస్తాయి. కొండ నీడ చెరువులో అద్దంలా పడిన ఉదయం మాత్రం రింగు ఆ చివరిదాకా తిప్పకండి, వచ్చిన పనే పోతుంది.

దీనికీ చెడ్డ గుణాలున్నాయి. నన్ను బాగా ఏడిపించింది ఇంద్రధనస్సు విషయంలో. వాన ఆకుల కోసమని పోలరైజర్ తిప్పి పెట్టుకుని ఉన్నాను. ఇంతలో ఎదుటి కొండ మీద ఇంద్రధనస్సు వచ్చింది. గబగబా నాలుగు ఫొటోలు తీశాను. తెర మీద చూస్తే కొండ ఉంది, మబ్బు ఉంది, ఇంద్రధనస్సు పైభాగం లేదు! దాని వెలుగు నీటిచుక్కల లోపల తగిలి వెనక్కి వచ్చేది కాబట్టి అదీ పోలరైజ్ అయ్యే, అంటే ఎక్కువగా ఒకే దిశలో కంపిస్తూ ఉంటుంది. రింగు ఒకవైపు తిరిగి ఉంటే విల్లు మెరుగ్గా వస్తుంది, ఇంకోవైపు ఉంటే చెరిగిపోతుంది. నాది ఆ ఇంకోవైపు ఉంది. తిప్పేసరికి ఎండ పోయింది.

రెండోది ఆకాశం. సూర్యుడికి 90 డిగ్రీల దూరంలో ఉన్న ఆకాశమే బాగా ముదురుతుంది. చూపుడువేలు సూర్యుడి వైపు పెట్టి, బొటనవేలు దానికి అడ్డంగా చాచి మణికట్టు తిప్పితే బొటనవేలు చూపించే చోట్లు అవే. 24 మిల్లీమీటర్లు, అంతకన్నా వెడల్పుగా చూపే లెన్స్‌లో ఈ ముదురు నీలం మధ్యలో పట్టీలా పడుతుంది, అటూ ఇటూ పాలిపోతుంది. తర్వాత సరిచేయడం పెద్ద తలనొప్పి. స్టాపున్నర వెలుగు పోతుంది కాబట్టి గాలి వీచే రోజు ఐఎస్‌ఓ పెంచక తప్పదు. దట్టమైన పొగమంచులో దీంతోనూ పెద్దగా పని లేదు.

గ్రాడ్యుయేటెడ్ గురించి ఎక్కువ చెప్పను, నేను వాడటం మానేశాను. సూర్యోదయానికి ఆకాశాన్ని రెండు మూడు స్టాపులు తగ్గించడానికి అది గొప్పదే, దిగంతం గీత గీసినట్టున్న సముద్రం దగ్గర మరీను. కొండలూ చెట్లూ పైకి లేచిన చోట వాటి తలలు కూడా నల్లబడతాయి. పైగా వానలో ఆ 100 మిల్లీమీటర్ల పలక మీద చుక్కలు పడుతుంటే, తుడుచుకోవడంతోనే వెలుగు వెళ్లిపోతుంది. ఇప్పటి సెన్సార్లలో రా ఫైలు (కెమెరా మార్చకుండా దాచే అసలు డేటా) నీడల్ని బాగానే లేపుకోవచ్చు. చాలకపోతే వెలుగు హెచ్చుతగ్గులతో మూడు ఫొటోలు తీసి కలుపుకోవచ్చు. కొమ్మలు ఊగుతుంటే మాత్రం కలిపిన ఫొటోలో ఆకులు రెండేసి కనిపిస్తాయి, అప్పుడు పలక ఉన్నవాళ్లే నయం.

యూవీ ఫిల్టర్ (అతినీలలోహిత కిరణాల్ని ఆపేది) డిజిటల్‌లో లెన్స్‌ను కాపాడే గాజు లాంటిదే. దాని మీద పోలరైజర్ బిగించకండి, మూలలు నల్లబడతాయి.

మీరు సముద్రం పక్కనే ఉండి, వెళ్లేదెప్పుడూ అక్కడికే అయితే ఎన్‌డీ కొనండి, నేను కాదనను. అదీ ఆరు స్టాపులది. మిగతావాళ్లు మీ లెన్స్‌లలో పెద్దదాని సైజులో సర్క్యులర్ పోలరైజర్ ఒకటి తీసుకుని, చిన్న లెన్స్‌లకు ఆ పెద్ద ఫిల్టర్ బిగించేలా చేసే స్టెప్-అప్ రింగులు వేసుకోండి. కెమెరాను అడ్డం నుంచి నిలువుకు తిప్పినప్పుడల్లా ఫిల్టర్ కూడా దాంతోపాటు తిరిగిపోతుంది. మళ్లీ సరిచేసుకోవాలి. ఇన్నేళ్లయినా నేను రెండో ఫొటోకి గానీ గుర్తుచేసుకోను.