షిఫ్ట్ డ్యూటీ మనిషి చేతిలో స్టీమ్ డెక్: రెండేళ్లు వాడాక

స్టీమ్ డెక్ అంటే స్టీమ్ అనే ఆన్‌లైన్ దుకాణంలో కొన్న పీసీ గేమ్స్‌ని చేతిలో పట్టుకుని ఆడుకునే చిన్న యంత్రం. అందులో నాకు అన్నిటికంటే విలువైన భాగం పైన ఉండే పవర్ బటన్. ఒకసారి నొక్కితే గేమ్ ఎక్కడుందో అక్కడే ఆగిపోతుంది. మళ్లీ నొక్కితే కొన్ని క్షణాల్లో అదే గదిలో, అదే మాట మధ్యలో లేస్తుంది. ఆటను దాచుకునే సేవ్ పాయింట్ దాకా పరుగెత్తక్కర్లేదు. ఏళ్లుగా సేల్స్‌లో కొని పెట్టుకున్న గేమ్స్‌ని నా చేత పూర్తి చేయించింది ఈ ఒక్క సదుపాయమే.

మా ఇల్లు విశాఖ ఎంవీపీ కాలనీలో. డ్యూటీ గాజువాక దాటాక. ఏ షిఫ్ట్, బీ షిఫ్ట్, సీ షిఫ్ట్ తిరుగుతూ ఉంటాయి కాబట్టి ఖాళీ సమయం కూడా రోజుకో వేళ దొరుకుతుంది, అది కూడా ముక్కలుగానే. ఇంట్లో పీసీ ఉంది, మంచిదే. కానీ దాని ముందు కూర్చుని, అప్‌డేట్ అయ్యేదాకా ఆగి, గేమ్ తెరిచేసరికి ఎవరో ఒకరు పిలుస్తారు. మరోవైపు లైబ్రరీ పెరుగుతూనే ఉంది. 2015లో స్టీమ్ ధరలు రూపాయల్లోకి వచ్చాక వేసవి సేల్, శీతాకాలం సేల్ రెండూ నాకు పండగలే. 2018 డిసెంబర్ నుంచి ఎపిక్ స్టోర్ ఉచితంగా గేమ్స్ ఇవ్వడం మొదలుపెట్టింది, అవీ చేరాయి. అన్నీ ఆడాలనే తీసుకున్నాను.

నాది ఎల్‌సీడీ మోడల్. ఏడంగుళాల తెర, 1280×800 రిజల్యూషన్, 669 గ్రాముల బరువు. ఆ బరువు మంచం మీద వెల్లకిలా పడుకుని ఆడితే తెలుస్తుంది. ఒళ్లో దిండు పెట్టుకుని, దాని మీద ఆనించి ఆడితే గంటసేపు హాయిగా ఉంటుంది.

మొదట్లో చిన్న గేమ్స్‌తో మొదలుపెట్టడం నాకు బాగా కలిసొచ్చింది. పోర్టల్, ఫైర్‌వాచ్, ఇన్‌సైడ్ లాంటివి మూడు నాలుగు గంటల కథలు. వారంలో ఒకటి పూర్తవుతుంటే ఎక్కడ లేని ఉత్సాహం వస్తుంది. ఏ గేమ్ ఎంతసేపు పడుతుందో చూడటానికి హౌ లాంగ్ టు బీట్ సైట్ వాడతాను. ఆ లెక్కలు ఆటగాళ్లే ఇచ్చినవి. నాలా నెమ్మదిగా, దారిలో కనిపించిన ప్రతి కాగితం చదువుతూ ఆడేవాళ్లు దానికి సగం కలుపుకోవాలి.

వాటిలో వెన్బా గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి. 2023లో వచ్చింది. 1980లలో కెనడా వెళ్లి స్థిరపడిన తమిళ కుటుంబం కథ. అమ్మ ఇచ్చిన వంటల పుస్తకంలో అక్షరాలు చెరిగిపోయి ఉంటాయి, ఆ వంట ఎలా చేయాలో మనమే కనుక్కోవాలి. మొదటి వంట ఇడ్లీ. నేను ఇడ్లీ ప్లేట్లు ఒకదాని మీద ఒకటి పేరుస్తుంటే పక్కన కూర్చున్న మా అమ్మ తెరలోకి తొంగి చూసింది. "అదేంట్రా అలా పెట్టావు, చిల్లులు చూసుకోవద్దా? పైవాటికి ఆవిరి ఎలా అందుతుంది?" అంది. ఆవిడ చెప్పినట్టే ప్లేటు తిప్పి పెట్టాను. గేమ్ అంటే ఏమిటో పట్టించుకోని మనిషి ఆ రోజు చివరిదాకా నాతో కూర్చుంది. కొడుకు ఇంగ్లీషులో జవాబులిస్తూ తల్లికి దూరమయ్యే చోట ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. గంటన్నరలో అయిపోయే ఆట అది. అన్నాళ్లు నా లైబ్రరీలో ఊరికే పడి ఉంది.

పెద్ద గేమ్స్ సంగతి వేరు. ది విచర్ 3 ప్రధాన కథే యాభై గంటల పైచిలుకు. నైట్ డ్యూటీల వారంలో అసలు ముట్టుకోను. మళ్లీ తెరిచేసరికి కథ మరిచిపోతామేమో అనుకుంటాం కదా, ఈ గేమ్ లోడ్ అయ్యేటప్పుడు ఇంతవరకు ఏం జరిగిందో చిన్న బొమ్మలతో చెబుతుంది. అప్పుడప్పుడు ఆడేవాళ్ల మీద ఇంత శ్రద్ధ చూపిన ఆ బృందం అంటే నాకు గౌరవం. 2015 నాటి గేమ్ అయినా డెక్ మీద సెట్టింగ్స్ కొంచెం తగ్గించుకుంటే చక్కగా నడుస్తుంది.

ఒక అమ్మాయి కొండ ఎక్కే సెలెస్ట్ గేమ్‌లో ఆటను తేలిక చేసే అసిస్ట్ మోడ్ ఉంది. ఆట వేగం తగ్గించుకోవచ్చు, కొండ పట్టుకుని వేలాడే శక్తి తరగకుండా పెట్టుకోవచ్చు. నేను మొహమాటం లేకుండా వాడాను. ఆ అమ్మాయి కొండ ఎక్కే కథ చివరిదాకా చూడాలన్నది నా కోరిక, అది తీరింది. హాలో నైట్ మాత్రం సగంలో వదిలేశాను. అందమైన గేమ్, సంగీతం గొప్పగా ఉంటుంది. కానీ మన పాత్ర చనిపోతే డబ్బంతా చనిపోయిన చోటే ఉండిపోతుంది, దానికోసం మళ్లీ అంత దూరం వెళ్లాలి. డ్యూటీ నుంచి వచ్చిన రాత్రి నాకు అంత ఓపిక ఉండదు. స్టీమ్‌లో "చాలు" అని ఒక కలెక్షన్ పెట్టుకున్నాను, దాన్ని అందులోకి మార్చాను. పూర్తయినవాటితో సమానంగానే చూస్తాను దాన్నీ. అందులో నాకు దక్కాల్సిన ఆనందం దక్కింది.

కంపెనీ బస్సులో మద్దిలపాలెం నుంచి ఎన్‌ఏడీ మీదుగా వెళ్లేటప్పుడు వేగంగా కదిలే గేమ్స్ ఆడితే తల తిరుగుతుంది. అక్కడ స్లే ది స్పైర్, ఇంటూ ది బ్రీచ్ లాంటివి సరిపోతాయి. మన వంతు ముగించేదాకా అవతలివాడు కదలడు, బ్రేక్ పడినా ఏమీ పోదు.

ఇక బ్యాటరీ. 40 వాట్ అవర్ల బ్యాటరీ ఇచ్చారు, రెండు నుంచి ఎనిమిది గంటలు అని కంపెనీ మాట. గేమ్‌ని బట్టి ఆ తేడా నిజమే. విచర్ లాంటిది రెండు గంటల వైపు ఉంటుంది, చిన్న గేమ్స్ చాలాసేపు వస్తాయి. మూడు చుక్కల బటన్ నొక్కి ఫ్రేమ్‌లు, అంటే సెకనుకు గేమ్ గీసే బొమ్మలు, 40కి పరిమితం చేస్తే తెర రిఫ్రెష్ కూడా తగ్గించుకోవచ్చు, కంటికి పెద్ద తేడా కనిపించదు, బ్యాటరీ మాత్రం ఇంకొంచెం నిలుస్తుంది. పవర్ బటన్‌తో డెక్‌ని నిద్రపుచ్చినప్పుడు కూడా చార్జ్ కొద్దికొద్దిగా దిగుతుంది. రోజుల తరబడి పక్కన పెట్టేటట్టయితే సేవ్ చేసి పూర్తిగా ఆపేయండి.

చత్వారం వచ్చిన కళ్లకు ఏడంగుళాల తెర మీద కొన్ని గేమ్స్‌లో అక్షరాలు చాలా చిన్నవి. స్టీమ్ బటన్ పట్టుకుని ఎల్1 నొక్కితే భూతద్దంలా పెద్దదిగా చూపిస్తుంది. ఉత్తరాలు, డైరీలు చదవాల్సిన గేమ్స్‌లో ఇది లేకపోతే నావల్ల అయ్యేది కాదు.

విశాఖ వాతావరణం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇలాంటి సమీక్షల్లో ఇది ఎవరూ రాయరు. మా బాల్కనీ గ్రిల్స్‌కి ఏటా రంగు వేయించినా తుప్పు పడుతూనే ఉంటుంది, సముద్రపు గాలి అలాంటిది. డెక్ లోపలి ఫ్యాన్ ఆ గాలినే పీల్చుకుంటుంది. అందుకే కిటికీ పక్కన, బాల్కనీలో ఆడను. ఆట అయ్యాక అరచేతుల చెమట పొడిగుడ్డతో తుడిచి, దానితో వచ్చిన కేస్‌లోనే పెడతాను. మే నెల ఉక్కపోతలో పెద్ద గేమ్ నడిస్తే ఫ్యాన్ చప్పుడు పక్కవాళ్లకీ వినిపిస్తుంది. నా డెక్‌కి ఇంతవరకు ఏ ఇబ్బందీ రాలేదు.

కొనాలనుకునేవాళ్లకి రెండు మాటలు. ఇది విండోస్ మీద కాదు, లైనక్స్ మీద నడుస్తుంది. సింగిల్ ప్లేయర్ గేమ్స్ దాదాపు అన్నీ నాకు నడిచాయి. ఎపిక్ గేమ్స్‌ని హీరోయిక్ అనే లాంచర్‌తో పెట్టుకోవచ్చు, కాస్త ఓపిక కావాలి. వాలరంట్, ఫోర్ట్‌నైట్ లాంటి ఆన్‌లైన్ గేమ్స్ మోసగాళ్లను పట్టే యాంటీ చీట్ సాఫ్ట్‌వేర్ కారణంగా నడవవు. మీ ప్రాణం వాటిలోనే ఉంటే ఇది మీకు కాదు. ఆన్‌లైన్‌లో ఉండి తీరాల్సిన గేమ్స్ నిద్రపుచ్చితే కనెక్షన్ తెగిపోతుంది, కాబట్టి అక్కడ నేను మెచ్చుకున్న బటన్‌కి అర్థం లేదు.

నేను కొన్నప్పుడు మన దేశంలో దీన్ని అధికారికంగా అమ్మేవారు కాదు. దిగుమతి చేసే దుకాణం ద్వారా తెప్పించుకున్నాను, అసలు ధర కంటే బాగా ఎక్కువే పడింది. అలా తెప్పించుకునేటప్పుడు రిపేర్ బాధ్యత ఎవరిదో, ఎంతకాలమో బిల్లు మీద రాయించుకోండి. తక్కువ స్టోరేజ్ మోడల్ తీసుకున్నా పర్వాలేదు, మైక్రో ఎస్‌డీ కార్డు నుంచి గేమ్స్ బాగానే నడుస్తాయి. మిగిలిన డబ్బుతో పవర్ డెలివరీ ఉన్న 45 వాట్ల చార్జర్ ఇంకొకటి కొని, డ్యూటీ బ్యాగులో పడేసి ఉంచుకోండి.