బోరు నీళ్లకు కొబ్బరి నూనె సబ్బు: ఏళ్లుగా వాడుతున్నాక నా మాట

మా అపార్టుమెంటులో బోరు నీళ్లే గతి. బకెట్లకు తెల్లగా పొర కట్టే ఆ నీళ్లలో ఆలివ్ నూనె ఎక్కువ వేసిన సబ్బు జిగటగా జారుతుందే తప్ప నురగ ఇవ్వదు. కొబ్బరి నూనె సబ్బుకు ఆ బాధ తక్కువ. ఈ నూనెలో ఇంచుమించు సగం లారిక్ ఆమ్లమే. దాంతో తయారైన సబ్బు తేలిగ్గా కరుగుతుంది, ఉప్పు నీళ్లలోనూ నురుగుతుంది. సముద్రపు నీటితో స్నానాలు చేసే నావికులు ఈ సబ్బు వాడింది అందుకే.

చిక్కల్లా దాని దూకుడుతోనే. మురికితో పాటు ఒంటి జిడ్డునీ ఊడ్చేస్తుంది. 500 గ్రాముల కొబ్బరి నూనె మొత్తం సబ్బు కావాలంటే సుమారు 91 గ్రాముల కాస్టిక్ సోడా పడుతుంది. నేను 73 దగ్గర ఆపేస్తాను. ఐదో వంతు నూనె నూనెగానే మిగిలిపోతుంది. ఎండాకాలం చెమటకు అది హాయి. చలికాలంలో మాత్రం గోరుతో గీస్తే పిక్కల మీద తెల్లటి చారలు పడతాయి. అప్పుడు కొబ్బరి నూనెను మూడో వంతు దాటనివ్వను, మిగతాది తవుడు నూనె, కాస్త ఆముదం.

చేసేవాళ్లకు ఒక్క మాట: సోడాను నీళ్లలో వేయాలి, సోడా మీద నీళ్లు పోయకూడదు. అల్యూమినియం గిన్నె అసలు వద్దు. ఉత్త కొబ్బరి సబ్బు త్వరగా గట్టిపడుతుంది, మర్నాటిదాకా ఉంచితే కోసేటప్పుడు పెళ్లలుగా విరుగుతుంది. కోశాక నెల రోజులైనా ఆరనివ్వాలి.

గానుగ నూనె సబ్బుకు దండగ. ఆ కమ్మని వాసన సోడా దెబ్బకు నిలవదు, మామూలు నూనె చాలు. గానుగది ఒంటికి దాచుకోండి. స్నానం చేసి ఒళ్లు తడిగా ఉండగానే నాలుగు చుక్కలు రాస్తే సాయంత్రం దాకా చర్మం బిగుసుకోదు. ముఖానికి మాత్రం నేను చెప్పను. మా అమ్మాయికి నుదుటి నిండా మొటిమలు లేచాయి, మానేశాకే తగ్గాయి. ఎండ నుంచి కాపాడుతుందన్న మాటా నమ్మకండి. ఇక చలికి సీసాలో గడ్డకడితే కల్తీ అని కంగారు పడొద్దు, 24 డిగ్రీలకు అటూ ఇటూ కరిగే నూనె అది.

నూనె దాదాపు మిగలకుండా చేసిన ముక్కలు కొన్ని సింకు దగ్గర పెట్టాను. జిడ్డు గిన్నెలకూ, చొక్కా కాలర్లకూ భలే పనిచేస్తాయి. తోమిన చేతులకు మాత్రం గానుగ నూనె రాసుకోవాల్సిందే.